ప్రవచనాల వీడియోలు: అసలువి వెతకడం, దింపుకోవడం, పెద్దవాళ్ల స్పీకర్‌లో సరైన వరుసలో ఎక్కించడం

“నాన్నగారికి రామాయణ ప్రవచనం మొత్తం పెన్‌డ్రైవ్‌లో వేసివ్వాలి, ఎలా?” అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. “యూట్యూబ్‌లో డౌన్‌లోడ్ చేశాను కానీ పెన్‌డ్రైవ్‌లోకి రావడం లేదు” అనేవాళ్లు అంతకంటే ఎక్కువ. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ రాసేస్తున్నాను. తెలుగు ప్రవచనాలనే ఉదాహరణగా తీసుకున్నా, చర్చి సందేశాలకైనా జుమా బయానులకైనా పద్ధతి ఇదే.

ఒక మాట ముందే చెప్తాను. దింపుకోవడం ఇందులో చిన్న పని. ఏది అసలు వీడియో, ఏ రోజు తర్వాత ఏ రోజు, వినే మనిషి దాన్ని ఒక్క బటన్‌తో వినగలరా లేదా, తిప్పలన్నీ అక్కడే. అందుకే డౌన్‌లోడ్ సంగతి 6వ మెట్టు దాకా రాదు. తొందరపడి అక్కడికి దూకితే మళ్లీ వెనక్కి వస్తారు, నేనూ అలాగే వచ్చాను.

1. ఎవరు వింటారు, దేంట్లో వింటారు

ఇది తేల్చకుండా ఏదీ మొదలుపెట్టకండి. వినేవాళ్లను బట్టి చేయాల్సిన పనే మారిపోతుంది.

- ఇంట్లో వైఫై ఉంది, స్మార్ట్ టీవీ ఉంది: దింపాల్సిన అవసరమే లేదు. 4వ మెట్టులో చెప్పే సెట్టింగులు చాలు.
- ఫోన్‌లో వింటారు, ఊళ్లో సిగ్నల్ సరిగా రాదు: యూట్యూబ్ యాప్‌లోనే ఆఫ్‌లైన్‌గా దాచుకోవచ్చు.
- ఫోన్ అంటేనే చిరాకు, పొద్దున్నే పూజ దగ్గర స్పీకర్ పెట్టుకుంటారు: ఆడియో ఫైళ్లు, మెమరీ కార్డు లేదా పెన్‌డ్రైవ్ కావాలి.
- పాత టీవీకి వెనక పెన్‌డ్రైవ్ పెట్టే చోటు ఉంది, ముఖం చూస్తూ వినాలంటారు: వీడియో ఫైళ్లు కావాలి.

నిజం చెప్పాలంటే ప్రవచనానికి వీడియో పెద్దగా అక్కర్లేదు. ఒకాయన కూర్చుని చెప్తూ ఉంటారు, అంతే. పెద్దవాళ్లలో చాలామంది కళ్లు మూసుకునో, కూర తరుగుతూనో వింటారు. ఆడియోతో సరిపోతే మీ పని పదో వంతుకు తగ్గుతుంది.

2. అసలు చానల్ పట్టుకోవడం

యూట్యూబ్‌లో ఏ ప్రవచనకర్త పేరు కొట్టినా పదుల చానళ్లు వస్తాయి. అందులో ఎక్కువ భాగం ముక్కలు కోసి, మీద ఎర్రక్షరాలతో “ఈ ఒక్క పని చేస్తే చాలు, మీ ఇంట్లో డబ్బే డబ్బు” అని థంబ్‌నెయిల్ తగిలించినవే. లోపల ఆయన చెప్పింది వేరే ఉంటుంది. ఈ మధ్య గొంతును కంప్యూటర్‌తో తయారుచేసి, పక్కన ఫొటో పెట్టి వదిలేవీ తోడయ్యాయి.

కాబట్టి వెతుకులాట సెర్చ్ బాక్స్‌లో కాకుండా అధికారిక చోటు నుంచి మొదలుపెట్టండి. చాగంటి కోటేశ్వరరావు గారికి శ్రీచాగంటి డాట్ నెట్ అనే సైటు ఉంది. సామవేదం షణ్ముఖశర్మ గారి ప్రసంగాలకు ఆయన సంస్థ ఋషిపీఠం ఉంది. తిరుమల కార్యక్రమాలు, నాదనీరాజనం వేదిక మీది పారాయణాలు కావాలంటే టీటీడీ వాళ్ల ఎస్వీబీసీ చానల్ ఉంది. అలాంటి చోట ఇచ్చిన లింకు నొక్కి యూట్యూబ్‌కు వెళ్తే అసలు చానల్‌లోనే దిగుతారు.

చానల్ అసలుదా కాదా అని చూడ్డానికి:

- వీడియో నిడివి చూడండి. పూర్తి ప్రవచనం గంట, గంటన్నర, రెండు గంటలు ఉంటుంది. 8 నిమిషాలుంటే అది ముక్క.
- “ప్లేలిస్టులు” అనే చోట రోజుల వారీగా వరుస ఉందో లేదో చూడండి. ముక్కలమ్మే చానల్‌కు ఆ ఓపిక ఉండదు.
- ఒకే చానల్‌లో పదిమంది ప్రవచనకర్తలు, మధ్యలో సినిమా కబుర్లు ఉంటే వదిలేయండి.
- వివరాల్లో “పూజ జరిపిస్తాం, ఈ క్యూఆర్ కోడ్‌కు డబ్బు పంపండి” అని ఉంటే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు, బయటికి వచ్చేయండి. అప్పటికే ఇంట్లో ఎవరైనా పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, సైబర్ మోసాల నంబర్ అదే.

3. కాగితం మీద వరుస రాసుకోండి

ఈ మెట్టును అందరూ వదిలేస్తారు. చివరికి చేయాల్సి వచ్చేది కూడా ఇదే.

చాగంటి గారి సంపూర్ణ రామాయణం 42 రోజులు చెప్పింది. భాగవతం కూడా 42 రోజులే, శివ మహాపురాణం 30, లలితా సహస్రనామం 40. ఇంత పొడుగు వాటిని ఎవరో అప్‌లోడ్ చేస్తే 17వ రోజు ఉండదు, 23 రెండుసార్లు ఉంటుంది, 31వ రోజును మూడు భాగాలు చేసి పెడతారు. పైగా ఒకే కథను ఒకాయనే వేరే ఊళ్లో 7 రోజుల్లోనో 9 రోజుల్లోనో చెప్పి ఉండొచ్చు. పేరు చూసి కలిపేస్తే కథ అతుకూ పొత్తూ లేకుండా పోతుంది.

కాబట్టి నోట్‌బుక్‌లో 1 నుంచి 42 దాకా నంబర్లు వేయండి. ప్రతి నంబర్ పక్కన మూడే మూడు రాయండి: వీడియో నిడివి, మొదటి వాక్యం ఏ సందర్భంతో మొదలైంది, చివర ఎక్కడ ఆపారు. అంతా వినక్కర్లేదు, మొదటి రెండు నిమిషాలు, చివరి రెండు నిమిషాలు చాలు. “నిన్నటి రోజున ఫలానా దగ్గర ఆపాం” అని వాళ్లే సాధారణంగా మొదట్లో చెప్తారు, మీకు అదే తాడు. 16వ రోజు ఆపిన చోటుకీ తర్వాతి వీడియో మొదలైన చోటుకీ పొంతన లేకపోతే మధ్యలో ఒకటి పోయిందన్నమాట. ఇంకో చానల్‌లో నిడివి కూడా సరిచూసుకుని వెతకండి.

ఈ పని ఒక ఆదివారం పడుతుంది. విసుగు పుట్టిస్తుంది. కానీ మా ఇంట్లో ఈ నోట్‌బుక్కే ఇప్పుడు అందరూ అడిగి తీసుకెళ్లే వస్తువు.

4. ఆన్‌లైన్‌లోనే చూసేవాళ్లకు

- అసలు చానల్ ప్లేలిస్టులో అన్నీ వరుసగా ఉంటే దాన్నే సేవ్ చేయండి. లేదంటే మీ నోట్‌బుక్ ప్రకారం కొత్త ప్లేలిస్టు చేసి, లింకు ఉన్నవాళ్లే చూసేలా పెట్టి ఇంట్లోవాళ్లకు పంపండి.
- ఆటోప్లే ఆపేయండి. ఆపకపోతే ప్రవచనం ముగిసిన పది సెకన్లకే ఏదో గొడవ వీడియో మొదలవుతుంది, నిద్రలోకి జారుకున్న అమ్మమ్మ తెల్లారేదాకా రాజకీయాలు వింటుంది.
- పెద్దవాళ్ల ఫోన్‌కు విడిగా ఒక అకౌంట్ పెట్టండి. పిల్లలు అదే ఫోన్‌లో ఆటల వీడియోలు చూస్తే మొదటి పేజీ అంతా అవే నిండిపోతాయి.
- ప్లేలిస్టును క్రోమ్‌లో తెరిచి, మూడు చుక్కల్లో హోమ్ స్క్రీన్‌కు చేర్చే ఆప్షన్ నొక్కితే దానికొక గుర్తు వస్తుంది. ఆ గుర్తు నొక్కడం నేర్పితే చాలు, వెతకడం నేర్పక్కర్లేదు.
- మాట వేగంగా అనిపిస్తే వేగాన్ని 0.75కు తగ్గించవచ్చు. శ్లోకాలు నేర్చుకునేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

లైవ్ సంగతి. విదేశాల్లో ఉన్నవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. ఇక్కడ సాయంత్రం ఆరున్నరకు మొదలైతే న్యూజెర్సీలో ఉదయం 9, చలికాలంలో 8. ఆఫీసు టైము. కంగారు పడకండి, 12 గంటల లోపు లైవ్ అయితే యూట్యూబ్‌లో మామూలుగా అదే చానల్‌లో రికార్డింగుగా ఉండిపోతుంది. అయిపోయిన వెంటనే కనపడకపోతే కాసేపాగండి, సిద్ధమవడానికి టైము పడుతుంది. కొందరు నిర్వాహకులు మర్నాడు లైవ్‌ను తీసేసి శుభ్రం చేసిన వీడియో పెడతారు, అందుకని లింకు దాచుకునే కంటే చానల్‌కు సబ్‌స్క్రైబ్ కావడం మేలు.

5. ఎంత జాగా, ఎంత డేటా

42 రోజులు, రోజుకు రెండు గంటలనుకుందాం. 84 గంటలు. కేబీపీఎస్ అన్నది ఆడియో నాణ్యతకు, 360, 720 అన్నవి వీడియో నాణ్యతకు కొలతలు. అంకె పెరిగితే నాణ్యతా, ఫైలు సైజూ పెరుగుతాయి.

- 64 కేబీపీఎస్ ఆడియో: గంటకు సుమారు 29 ఎంబీ, మొత్తం 2.4 జీబీ
- 128 కేబీపీఎస్ ఆడియో: గంటకు 58 ఎంబీ, మొత్తం 4.8 జీబీ
- 360 వీడియో: గంటకు దాదాపు 250 నుంచి 300 ఎంబీ, మొత్తం 21 నుంచి 25 జీబీ
- 720 వీడియో: గంటకు ఒక జీబీ దరిదాపు, మొత్తం 80 జీబీ చుట్టూ

ఒక్క మనిషి మాట్లాడే గొంతుకు 64 చాలు, నమ్మండి. పద్యాలు పాడేవారైతే 128 తీసుకోండి. ఆడియోకు 32 జీబీ కార్డు ధారాళంగా సరిపోతుంది, ఇంకా పెద్దది కొంటే 8వ మెట్టులో చెప్పే తలనొప్పి వస్తుంది.

రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే ప్లాన్ ఉన్నవాళ్లు రాత్రి 11 దాటాక మిగిలిన డేటాతో దింపుకోవచ్చు, 12కు ఎలాగూ కొత్తది వస్తుంది. యాప్‌లో “వైఫైలో మాత్రమే డౌన్‌లోడ్” అని ఆన్‌లో ఉంటే మొబైల్ డేటాతో కదలదు, ముందు అది చూసుకోండి.

6. దింపుకోవడం, ఈ వరుసలోనే ప్రయత్నించండి

మొదట, ప్రవచనకర్త సొంత సైటు. ఆడియోలు విషయాల వారీగా అక్కడే పెట్టి ఉంటే అంతకంటే మంచి దారి లేదు. ఫైలు మీ చేతికి వస్తుంది, అనుమతితో వస్తుంది, వరుస కూడా చాలావరకు సరిగా ఉంటుంది.

రెండోది, నిర్వాహకులను అడగడం. ప్రవచనం జరిగిన చోట స్టాల్లో ఎంపీ3 సీడీలో, పెన్‌డ్రైవ్‌లో పెట్టడం మామూలే. ఒక్క ఫోన్ చేస్తే తెలిసే దానికి నేను మూడు రాత్రులు వెతికిన రోజులున్నాయి.

మూడోది, పాడ్‌కాస్ట్. కొన్ని ప్రవచనాలు పాడ్‌కాస్టులుగా కూడా ఉన్నాయి. స్పాటిఫైలో డబ్బు కట్టకపోయినా పాడ్‌కాస్టులను ఆఫ్‌లైన్‌గా దాచుకోనిస్తుంది. యాంటెనాపాడ్ అనే ఉచిత యాప్ కూడా ఉంది, ప్రకటనలు ఉండవు.

నాలుగోది, యూట్యూబ్ యాప్‌లోని డౌన్‌లోడ్ బటన్. ఇక్కడే అందరూ తికమక పడతారు. ఆ బటన్‌తో దించింది ఆ యాప్‌లోనే, ఆ అకౌంట్‌లోనే ఆడుతుంది. గ్యాలరీలో కనపడదు, పెన్‌డ్రైవ్‌లోకి రాదు, వాట్సాప్‌లో పోదు. మీరు చేసిన తప్పేమీ లేదు, దాన్ని తయారుచేసిందే అలా. ప్రీమియం (డబ్బు కట్టి వాడే యూట్యూబ్) ఉన్నవాళ్లకు 29 రోజులకొకసారైనా ఫోన్ నెట్‌కు తగలాలి, తగలకపోతే ఆడటం ఆగిపోతుంది. ప్రీమియం లేకుండా దించినవైతే ఇంకా ముందే, రెండు రోజుల్లోనే ఆగిపోవచ్చు. కాబట్టి ప్రయాణానికీ ఊరెళ్లినప్పటికీ ఇది మంచి దారి, నాన్నగారి స్పీకర్‌కు కాదు.

ఐదోది, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత సైటు. అక్కడ ఎంపీ3, ఎంపీ4 అన్నీ కుడిపక్కన డౌన్‌లోడ్ జాబితాలో ఉంటాయి. కానీ ఎవరైనా అప్‌లోడ్ చేయవచ్చు కాబట్టి పెట్టినవారు ఎవరు, అనుమతి ఉందా అన్నది చూసుకోవాలి. యూట్యూబ్ సెర్చ్ ఫిల్టర్లలో క్రియేటివ్ కామన్స్ అని పెడితే తిరిగి వాడుకోవడానికి ఒప్పుకున్న వీడియోలే వస్తాయి, అదీ ఒకసారి చూడండి.

ఇక లింకు అతికిస్తే వీడియో ఇచ్చే సైట్లు. వద్దనే చెప్తాను. తమ బటన్ ఇచ్చిన చోట, లేదా అనుమతి ఉన్న చోట తప్ప దించవద్దని యూట్యూబ్ షరతుల్లోనే ఉంది. అది పక్కనపెట్టినా, ఆ పేజీల్లో నాలుగు డౌన్‌లోడ్ బటన్లుంటే మూడు ప్రకటనలే. మా బంధువుల ఇంట్లో ఒకాయన భాగవతం అనుకుని దించింది చూస్తే ఫైలు పేరు చివర ఎంపీ4 కాదు, ఏపీకే. అంటే వీడియో కాదు, యాప్. అది ఇన్‌స్టాల్ చేశాక ఫోన్ నిండా ప్రకటనలు, చివరికి ఫోన్ మొత్తం రీసెట్ చేయాల్సి వచ్చింది. ఫైలు చివర ఎంపీ3 లేదా ఎంపీ4 కాకుండా ఇంకేదైనా ఉంటే తెరవకుండా తీసేయండి.

7. పేర్లు పెట్టడం, కార్డులో ఎక్కించడం

మొదటిసారి నేను రామాయణం అంతా కార్డులో వేసి నాన్న చేతికిచ్చి, పని అయిపోయిందని వచ్చేశాను. మూడో రోజు ఫోన్. “ఒరేయ్, పెళ్లి కాకుండానే అడవికి వెళ్లిపోయాడేంట్రా?” అని. ఫైళ్లకు 1, 2, 3 అని పేర్లు పెట్టాను, స్పీకర్ మాత్రం 1 తర్వాత 10, 11, 12 ఆడుతోంది. అక్షరాల వరుసలో 2 కంటే 10 ముందు వస్తుంది, అదీ సంగతి.

సరే అని 01, 02, 03 అని మార్చాను. అప్పుడూ వరుస తప్పింది! చిన్న స్పీకర్లు చాలావరకు పేరు చూడవు, కార్డులోకి ఏ ఫైలు ముందు వచ్చిందో ఆ వరుసలో ఆడతాయి. ఇది తెలియడానికి నాకు రెండు వారాలు పట్టింది.

కాబట్టి ఇలా చేయండి:

1. కార్డులో ఉన్నవన్నీ కంప్యూటర్‌లో దాచుకుని, కార్డును ఫ్యాట్32లో (కార్డులో ఫైళ్లు అమర్చే ఒక పద్ధతి) ఫార్మాట్ చేయండి. పాతవి తీసేసి కొత్తవి వేస్తే వరుస మళ్లీ చెడుతుంది, ఫార్మాటే చేయాలి.
2. కంప్యూటర్‌లో ఫైళ్లకు రెండంకెల నంబర్‌తో పేర్లు పెట్టండి: 01, 02, అలా. పాత టీవీల్లో, కారు స్టీరియోల్లో తెలుగక్షరాలు డబ్బాలుగా కనపడతాయి, కాబట్టి నంబర్ తర్వాత చిన్న ఇంగ్లిష్ పేరు పెట్టడమే మంచిది.
3. రెండు గంటల ఫైలును నాలుగు అరగంట ముక్కలు చేయండి. చవక స్పీకర్లు కరెంటు పోయి వచ్చాక ఆగిన చోటు గుర్తుపెట్టుకోవు, ఆ పాట మొదటికో, ఏకంగా కార్డు మొదటికో వెళ్లిపోతాయి. ముక్కలుంటే నెక్స్ట్ బటన్‌తో చేరుకోవచ్చు. పేర్లు 01-1, 01-2 అని.
4. ఒకటి కాపీ అయ్యాకే రెండోది కాపీ చేయండి. అన్నీ కలిపి ఒకేసారి పడేయకండి. ఒక కాండకు ఒక ఫోల్డర్ చేస్తే ఇంకా బాగుంటుంది, ఫోల్డర్లూ వరుసలోనే చేయాలి.
5. కంప్యూటర్ నుంచి తీసే ముందు ఎజెక్ట్ నొక్కండి. లాగేస్తే చివరి ఫైలు సగమే ఉంటుంది.

మీ దగ్గర అనుమతితో వచ్చిన వీడియో ఫైలు ఉండి ఆడియో మాత్రమే కావాలంటే కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్ తెరిచి, మీడియా మెనూలో కన్వర్ట్ అన్నదానిలోకి వెళ్లి ఎంపీ3 ఎంచుకుంటే చాలు. ఫోన్‌లో వినేవాళ్లకూ వీఎల్‌సీనే పెట్టండి. ఆగిన చోటు గుర్తుపెట్టుకునే సెట్టింగ్, ఇంత సేపటికి ఆగిపో అని చెప్పే స్లీప్ టైమర్ రెండూ అందులో ఉన్నాయి.

8. పనిచేయకపోతే

- టీవీ పెన్‌డ్రైవ్‌ను గుర్తించడం లేదు: 64 జీబీ, ఆ పైవి ఎక్కువగా ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో పద్ధతిలో వస్తాయి, పాత టీవీలకు అది తెలియదు. 32 జీబీది తెచ్చి ఫ్యాట్32 చేయండి.
- పెద్ద వీడియో కాపీ కావడం లేదు: ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీకి మించకూడదు. 720కి తగ్గించండి లేదా రెండు ముక్కలు చేయండి.
- బొమ్మ వస్తోంది, మాట రావడం లేదు, లేదా మాట వస్తోంది, బొమ్మ నలుపు: ఫైలు పేరు ఎంపీ4 అయినా లోపలి రకం టీవీకి తెలియనిది. హెచ్.264 వీడియో, ఏఏసీ ఆడియోగా మార్చితే ఎక్కువ టీవీల్లో ఆడుతుంది.
- గొంతు చాలా తక్కువగా ఉంది: పాత సభల రికార్డింగుల్లో ఇది మామూలు. వీఎల్‌సీలో వాల్యూమ్ 100 దాటి పెంచవచ్చు. స్పీకర్ కోసమైతే కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రాంలో పెంచి మళ్లీ సేవ్ చేయాలి.
- ప్లేలిస్టులో కొన్ని మాయమయ్యాయి: చానల్ వాళ్లు తీసేశారు. నోట్‌బుక్ తీయండి, నిడివి చూసి కొత్త లింకు వెతకండి.

9. ఇతరులకు ఇవ్వడం

ఇంట్లో వినడం వేరు, వందమందికి పంచడం వేరు. 1957 నాటి మన కాపీరైట్ చట్టంలో ఉపన్యాసం అంటే ధర్మప్రసంగం కూడా, బహిరంగంగా చెప్పిన ప్రసంగం మీద తొలి హక్కు చెప్పినవారిదే. అందుకని ముక్కలు కోసి మీ చానల్‌లో పెట్టడం, కార్డులు చేసి అమ్మడం చేయకండి. చుట్టాలకు లింకు పంపండి, ఫైలు కాదు.

మీకు అనుమతి ఉన్న ఫైలే అయితే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. వీడియోగా పంపితే నాణ్యత నలిగిపోతుంది. డాక్యుమెంట్‌గా 2 జీబీ దాకా పోతుంది, మీరు పెట్టిన 01, 02 పేర్లూ అలాగే ఉంటాయి.

10. చేతికిచ్చే రోజు

- మొదటి ఫైలు, మధ్యలో ఒకటి, చివరిది అదే స్పీకర్‌లో ఆడించి చూశారా?
- నెక్స్ట్ బటన్ మీద ఎర్ర స్టిక్కర్ అతికించారా? చాలా స్పీకర్లలో అదే బటన్ గట్టిగా నొక్కి పట్టుకుంటే వాల్యూమ్ మారుతుంది, అది చేసి చూపించారా?
- నోట్‌బుక్ పేజీని పెద్ద అక్షరాలతో తిరగరాసి ఇచ్చారా, ఏ రోజు దాకా విన్నారో టిక్కు పెట్టుకోవడానికి?
- ఇంకో కాపీ కంప్యూటర్‌లో ఉందా? కార్డులు పోతాయి, లేదా మనవడు తీసి కెమెరాలో పెట్టుకుంటాడు.

మా నాన్న ఇప్పుడు రెండోసారి వింటున్నారు, 19వ రోజులో ఉన్నారు. 27-3లో మైకు పాడైపోయి మాట వినపడటం లేదట, దానికి మంచి కాపీ వెతకమన్నారు.